చైనా నగర చిరునామాలో జిల్లాను గుర్తించడం, సరిచూసుకోవడం ఎలా?

చైనాలో వైద్యవిద్య చదవడానికి పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులు, యీవు నుంచో గ్వాంగ్‌జౌ నుంచో సరుకు తెప్పించుకునే వ్యాపారులు, వార్తలు అనువదించేవారు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "చిరునామా చేతిలో ఉంది. ఇందులో ఊరు ఏది, జిల్లా ఏది, వీధి ఏది?" జవాబు చెప్పాక కూడా పొరపాట్లు జరుగుతున్నాయి. కారణం ఒకటే. జిల్లా పేరు కనిపించగానే అది ఒక్కచోటే ఉంటుందని నమ్మేస్తాం. చైనాలో అలా నమ్మకూడదు. జిల్లా పేరును దాని పైనున్న నగరంతో కలిపి చదివితేనే అది ఏ ప్రాంతమో తెలుస్తుంది. కింది మెట్లన్నీ ఆ పని కోసమే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. చైనా చిరునామాల ఇంగ్లిషు రూపంలో 'డిస్ట్రిక్ట్' అని కనిపించేది మన జిల్లా లాంటిది కాదు. దాన్ని వాళ్లు 'ఛ్యూ' అంటారు. అది నగరం లోపలి భాగం. మన జిల్లాకు కొంతవరకు సరిపోయేది దాని పైమెట్టు, అంటే 'షి'. దాన్ని నగరం అని అనువదిస్తున్నాం కానీ, అందులో పల్లెలు, పొలాలు, కొండలు కూడా ఉంటాయి. చోంగ్‌ఛింగ్ 'నగరం' విస్తీర్ణం దాదాపు 82,400 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సుమారు నాలుగింట మూడు వంతులు. అందువల్ల "మా అబ్బాయి ఫలానా నగరంలో ఉన్నాడు" అన్నంత మాత్రాన అతను పట్టణం నడిబొడ్డున ఉన్నాడని అనుకోవద్దు.

కావలసినవి

చైనా లిపిలో ఉన్న చిరునామా. ఇది తప్పనిసరి. ఫొటోగా కాకుండా, కాపీ చేసుకోవడానికి వీలుగా అక్షరాల్లో పంపమని అడగండి. ఇంగ్లిషు అక్షరాల్లో మాత్రమే ఉన్న చిరునామాతో సగం పనే అవుతుంది. వేర్వేరు చైనా అక్షరాలు ఇంగ్లిషు లిపిలోకి వచ్చేసరికి ఒకేలా మారిపోతాయి.

అదే చిరునామాకు ఇంగ్లిషు అక్షరాల రూపం. దీన్ని పిన్‌యిన్ అంటారు.

ఆరంకెల తపాలా కోడు, వీలైతే అక్కడి ల్యాండ్‌లైన్ నంబరు. ఇవి చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

ఒక చైనా మ్యాపు. బైదు మ్యాప్స్ గానీ గావ్‌దె గానీ సరిపోతుంది. గావ్‌దెనే అమాప్ అని కూడా అంటారు. అవి అర్థం కాకపోతే ఫోనులోని అనువాద యాప్‌ను పక్కన పెట్టుకోండి. గూగుల్ మ్యాప్‌తో చైనాలో ఒక చిక్కుంది: అక్కడి మ్యాపులు వేరే కొలమానాన్ని వాడతాయి కాబట్టి, గుర్తు కొన్ని వందల మీటర్లు పక్కకు జరిగి కనిపించవచ్చు. జిల్లా తెలుసుకోవడానికి ఫరవాలేదు. గేటు వెతకడానికి మాత్రం వద్దు.

మెట్లు

1. పెద్దదాని నుంచి చిన్నదానికి చదవండి

చైనా లిపిలో చిరునామా రాష్ట్రంతో మొదలై గది నంబరుతో ముగుస్తుంది. మన ఉత్తరాల మీద రాసే వరుసకు ఇది తలకిందులు. ఇంగ్లిషులో రాసేటప్పుడు కొందరు వరుస తిప్పుతారు, కొందరు తిప్పరు, మరికొందరు సగమే తిప్పుతారు. కాబట్టి ఇంగ్లిషు వరుసను నమ్ముకోకండి. కాగితం తీసుకుని రాష్ట్రం పైన, గది కింద వచ్చేలా ఒక్కో ముక్కను ఒక్కో గీత మీద రాయండి.

2. ముక్క చివరి అక్షరాన్ని చూసి కత్తిరించండి

చైనా స్థలనామాల్లో చివరి మాట అది ఏ స్థాయో చెబుతుంది. ఈ కొన్ని గుర్తుంటే చాలు:

షెంగ్ అంటే రాష్ట్రం.
షి అంటే నగరం.
ఛ్యూ అంటే నగరం లోపలి జిల్లా.
షియన్ అంటే గ్రామీణ ప్రాంతపు కౌంటీ. ఛ్యూకూ దీనికీ స్థాయి ఒకటే.
జియేదావ్ అంటే జిల్లా కింద ఉండే పట్టణ పాలనా విభాగం.
జెన్ అంటే చిన్న పట్టణం. షియాంగ్ అంటే పల్లె ప్రాంతం. ఈ రెండూ జియేదావ్ స్థాయివే.
లు అంటే రోడ్డు. జియే అంటే వీధి. దాదావ్ అంటే పెద్ద రహదారి.
హావ్ అంటే నంబరు.

ఒక అసలు చిరునామాతో చూద్దాం. కాంటన్ ఫెయిర్ జరిగే ప్రదర్శనశాల చిరునామా ఇది: గ్వాంగ్‌డాంగ్ షెంగ్, గ్వాంగ్‌జౌ షి, హైజు ఛ్యూ, యుయేజియాంగ్ జోంగ్ లు, 380 హావ్. అంటే గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, గ్వాంగ్‌జౌ నగరం, హైజు జిల్లా, యుయేజియాంగ్ మధ్య రోడ్డు, 380 నంబరు. రోడ్డు పేరు తర్వాత వచ్చే 'జోంగ్' మధ్యభాగాన్ని సూచిస్తుంది. పొడవైన రోడ్లను తూర్పు (డోంగ్), పడమర (షీ), దక్షిణం (నాన్), ఉత్తరం (బేయ్), మధ్య అని విడగొడతారు. ఆ చిన్న మాటను వదిలేస్తే అదే రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు తప్పిపోతారు.

హెచ్చరిక: పిన్‌యిన్‌లో 'షి' రెండుచోట్ల కనిపిస్తుంది. ముందు భాగంలో ఊరి పేరు తర్వాత వస్తే నగరం. చివర్లో అంకె తర్వాత వస్తే గది. 'షియాంగ్' కూడా అంతే, పల్లె ప్రాంతమైనా కావచ్చు, సందు అయినా కావచ్చు. చైనా లిపిలో వీటికి వేర్వేరు అక్షరాలున్నాయి. లిపి కావాలని ముందే అడిగింది అందుకే.

3. ప్రతి 'ఛ్యూ' జిల్లా కాదు

ఇక్కడ కాస్త ఆగండి. తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది ఈ మెట్టు దగ్గరే. ఛ్యూ అనే మాటకు 'ప్రాంతం' అనే అర్థం కూడా ఉంది కాబట్టి అది చాలా పేర్ల చివర తగులుతుంది. షెఛ్యూ అంటే నివాసుల సంఘం పరిధి, చాలా చిన్నది. కైఫాఛ్యూ అంటే పారిశ్రామిక అభివృద్ధి ప్రాంతం. గావోషిన్‌ఛ్యూ అంటే హైటెక్ పరిశ్రమల ప్రాంతం. షియావోఛ్యూ అంటే ప్రహరీగోడ ఉన్న నివాస సముదాయం. విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని కూడా షియావోఛ్యూ అనే అంటారు. స్వరం వేరు, లిపి వేరు, ఇంగ్లిషు అక్షరాలు మాత్రం ఒక్కటే. పిల్లవాడు పంపిన చిరునామాలో ఈ మాట ఉంటే అది హాస్టలు ఉన్న ప్రాంగణమా, బయట అద్దె ఇల్లా అన్నది అడిగి తెలుసుకోండి.

'కొత్త ప్రాంతం' అని అనువదించే పేర్లు మరింత తికమక పెడతాయి. షాంఘైలోని పుడోంగ్ కొత్త ప్రాంతం నిజమైన జిల్లా. తియాన్‌జిన్‌లోని బిన్‌హై కొత్త ప్రాంతం కూడా జిల్లాయే. జెంగ్‌జౌలోని జెంగ్‌డోంగ్ కొత్త ప్రాంతం మాత్రం జిల్లా కాదు. ప్రభుత్వ పట్టికలో ఆ భూమి వేరే జిల్లాల కింద ఉంటుంది. 1994లో సింగపూర్ భాగస్వామ్యంతో మొదలైన సుజౌ ఇండస్ట్రియల్ పార్కు చిరునామాల్లో జిల్లా స్థానంలోనే కనిపిస్తుంది, అయినా అదీ జిల్లా కాదు. ఉత్తరం చేరడానికి ఈ తేడాతో పనిలేదు. ప్రభుత్వ ఫారం నింపేటప్పుడు, పట్టిక తయారుచేసేటప్పుడు మాత్రం కావాలి.

4. జిల్లాను నగరంతో జతచేయండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. ఒకే పేరున్న జిల్లాలు వేర్వేరు నగరాల్లో ఉన్నాయి.

గులౌ జిల్లా నాన్‌జింగ్‌లో ఉంది, షుజౌలో ఉంది, ఫుజౌలో ఉంది, కైఫెంగ్‌లో కూడా ఉంది. గులౌ అంటే నగారా బురుజు. పాత కోట నగరాల్లో పొద్దు తెలపడానికి ఇలాంటి కట్టడం ఉండేది కాబట్టి ఆ పేరు పలుచోట్ల నిలిచింది. షీహు జిల్లా హాంగ్‌జౌలోనూ ఉంది, నాన్‌చాంగ్‌లోనూ ఉంది. హెపింగ్ తియాన్‌జిన్‌లో, షెన్‌యాంగ్‌లో ఉంది. బైయున్ గ్వాంగ్‌జౌలో, గుయియాంగ్‌లో ఉంది. చావోయాంగ్ అనగానే బీజింగ్ అనుకుంటాం. చాంగ్‌చున్‌లో కూడా చావోయాంగ్ జిల్లా ఉంది, ల్యావోనింగ్ రాష్ట్రంలో ఏకంగా చావోయాంగ్ అనే నగరమే ఉంది. దక్షిణాన షాంతౌలో మరో చావోయాంగ్ జిల్లా ఉంది. దాని మొదటి అక్షరం చైనా లిపిలో వేరు, పిన్‌యిన్‌లో ఒకటే. షాంఘైలోని హ్వాంగ్‌పు, గ్వాంగ్‌జౌలోని హ్వాంగ్‌పు జిల్లాల సంగతీ ఇంతే.

వ్యాపారులకు ప్రత్యేకంగా రెండు పేర్లు చెబుతాను. మొదటిది ఫుతియన్. షెన్‌జెన్‌లో ఫుతియన్ జిల్లా ఉంది. ఎలక్ట్రానిక్ సామాన్లకు పేరుపడ్డ హ్వాఛియాంగ్‌బేయ్ దాని పరిధిలోదే. యీవులో కూడా ఫుతియన్ ఉంది. అది జిల్లా కాదు, జియేదావ్. యీవు టోకు బజారు ఉన్నది అక్కడే. ఇక రెండోది చాంగ్‌ఆన్. షియాన్‌లో, షిజియాజ్వాంగ్‌లో అది జిల్లా. డోంగ్వాన్‌లో అది కర్మాగారాలు నిండిన పట్టణం. బిల్లు మీద 'చాంగ్‌ఆన్' అని మాత్రమే ఉంటే ఆ కాగితాన్ని వెనక్కి పంపి, పూర్తి చిరునామా రాయించుకోండి.

నగరాల పేర్లు కూడా కలుస్తాయి. జియాంగ్సులో ఒక సుజౌ, అన్‌హుయ్‌లో మరో సుజౌ. ఫుజియెన్ రాజధాని ఫుజౌ, జియాంగ్షీలో ఇంకో ఫుజౌ. అందుకే రాష్ట్రం పేరు వదిలేయకండి. రాష్ట్రాల్లో షాన్‌షీ పేరుతో పక్కపక్కనే రెండున్నాయి. షియాన్ ఉన్న రాష్ట్రానికి ఇంగ్లిషులో 'ఎ' అక్షరం రెండుసార్లు వేస్తారు, తైయువాన్ ఉన్న రాష్ట్రానికి ఒకసారే. తెలుగులో రాసేటప్పుడు రాజధాని పేరు కూడా చేర్చడమే మేలు.

5. నగరం తర్వాత జిల్లా కనిపించకపోతే

రెండు కారణాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

నగరానికి అసలు జిల్లాలే లేకపోవచ్చు. డోంగ్వాన్, జోంగ్షాన్, జియాయుగ్వాన్, హైనాన్‌లోని డాన్‌జౌ అలాంటివి. అక్కడ నగరం కింద నేరుగా పట్టణాలు, జియేదావ్‌లు వస్తాయి. ఫారంలో జిల్లా గడి తప్పనిసరి అయితే అక్కడ పట్టణం పేరు రాయండి.

నగరంలో నగరం ఉండవచ్చు. యీవు చిరునామా పూర్తిగా రాస్తే జెజియాంగ్ షెంగ్, జిన్‌హ్వా షి, యీవు షి అని వస్తుంది. రెండు 'షి'లు చూసి ఒకటి పొరపాటనుకుని కొట్టేయకండి. జిన్‌హ్వా పెద్ద నగరం, యీవు దాని పరిధిలో కౌంటీ స్థాయి నగరం, అంటే ఛ్యూతో సమానం. సుజౌ కిందనున్న కున్‌షాన్ కూడా ఇలాంటిదే.

జిల్లా ఉండి రాష్ట్రం కనిపించకపోతే సంగతి వేరు. బీజింగ్, షాంఘై, తియాన్‌జిన్, చోంగ్‌ఛింగ్ కేంద్రం కిందనే ఉన్న నగరాలు. వాటికి పైన రాష్ట్రం ఉండదు. నగరం, వెంటనే జిల్లా. ఫారంలో రాష్ట్రం అడిగితే నగరం పేరే మళ్లీ రాయాలి.

6. జియేదావ్‌ను వీధి అని రాయకండి

అనువాద యాప్‌లు దీన్ని చాలాసార్లు 'స్ట్రీట్' అంటాయి. తెలుగులోకి వచ్చేసరికి 'వీధి' అవుతుంది. ఆ తర్వాత అసలు రోడ్డు పేరు వస్తుంది కాబట్టి ఒకే చిరునామాలో రెండు వీధులు కనిపించి మనిషి తికమకపడతాడు. జియేదావ్ అనేది కార్యాలయం ఉన్న పాలనా విభాగం. మన నగరపాలక సంస్థల్లో వార్డు, సర్కిల్ అనే మాటలతో పోల్చుకోవచ్చు. తెలుగు వ్యాసంలో జియేదావ్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు పక్కన ఒక్క ముక్క వివరణ ఇవ్వడం సరైన పద్ధతి అని నా అభిప్రాయం. మామూలు ఉత్తరాల్లో జియేదావ్ లేకపోయినా ఫరవాలేదు, రోడ్డు, నంబరు ఉంటే చాలు.

7. పేరున్న ప్రాంతం, పాలనా ప్రాంతం వేరు చేసుకోండి

వుహాన్‌లో హాంకౌ అనే పేరు అందరికీ తెలుసు, ఆ పేరుతో రైల్వేస్టేషను కూడా ఉంది. హాంకౌ జిల్లా మాత్రం లేదు. ఆ ప్రాంతం జియాంగ్‌ఆన్, జియాంగ్‌హాన్, ఛియావ్‌కౌ జిల్లాల్లో విస్తరించి ఉంది. వుచాంగ్, హాన్‌యాంగ్ మాత్రం ఇప్పటికీ జిల్లాలు. స్నేహితుడు "హాంకౌలో ఉంటున్నాను" అంటే జిల్లా ఏదని మళ్లీ అడగండి.

8. పాత పేరేమో చూడండి

చైనా తన నగర జిల్లాలను కలుపుతుంది, విడగొడుతుంది. పాత బిల్లులు, పాత విజిటింగ్ కార్డులు, వ్యాపార వెబ్‌సైట్లు మాత్రం మారవు. తరచుగా ఎదురయ్యేవి ఇవి:

బీజింగ్: 2010లో చోంగ్‌వెన్ జిల్లా డోంగ్‌చెంగ్‌లో, ష్వాన్‌వు జిల్లా షీచెంగ్‌లో కలిశాయి. 2015లో మియున్, యాన్‌ఛింగ్ కౌంటీలు జిల్లాలయ్యాయి.

షాంఘై: 2009లో నాన్‌హుయ్ పుడోంగ్‌లో, 2011లో లువాన్ హ్వాంగ్‌పులో, 2015లో జాబేయ్ జింగ్‌ఆన్‌లో కలిశాయి. షాంఘై ప్రధాన రైల్వేస్టేషను పాత కాగితాల్లో జాబేయ్ కింద ఉంటుంది, ఇప్పుడు జింగ్‌ఆన్‌లో ఉంది.

గ్వాంగ్‌జౌ: 2005లో డోంగ్‌షాన్ యుయేషియులో, ఫాంగ్‌చున్ లివాన్‌లో కలిశాయి. 2014లో లువోగాంగ్ హ్వాంగ్‌పులో కలిసింది.

హాంగ్‌జౌ: 2021 మార్పు పెద్దది. జియాంగ్‌గాన్ జిల్లాను షాంగ్‌చెంగ్‌లో, షియాచెంగ్‌ను గోంగ్‌షులో కలిపారు. యుహాంగ్‌ను చీల్చి లిన్‌పింగ్ అనే కొత్త జిల్లా చేశారు. ఛియాన్‌టాంగ్ అనే మరో కొత్త జిల్లా కూడా వచ్చింది. విద్యార్థులకు ఇది నేరుగా తగిలే విషయం. జెజియాంగ్ విశ్వవిద్యాలయపు జిజిన్‌గాంగ్, యుఛ్వాన్ ప్రాంగణాలు షీహు జిల్లాలో ఉన్నాయి. హ్వాజియాచి ప్రాంగణం పాత పత్రాల్లో జియాంగ్‌గాన్‌లో ఉంటుంది, ఇప్పుడది షాంగ్‌చెంగ్. విశ్వవిద్యాలయం పేరుతో జిల్లాను ఊహించకుండా ప్రాంగణం పేరుతో వెతకాలి.

పాత జిల్లా పేరు ఉన్నంత మాత్రాన ఉత్తరం తిరిగి వస్తుందని భయపడకండి, రోడ్డు, నంబరు సరిగ్గా ఉంటే సాధారణంగా చేరుతుంది. అధికారిక ఫారంలో మాత్రం కొత్త పేరే రాయాలి.

9. రోడ్డు తర్వాతి భాగం

హావ్ తర్వాత భవనం (డోంగ్ లేదా లౌ), ప్రవేశద్వారం (డాన్‌యువాన్), అంతస్తు, గది వస్తాయి. షాంఘైలో రోడ్డు నంబరు తర్వాత 'లోంగ్' అనే మాట ఉంటే అది ఇంటి నంబరు కాదు, సందు నంబరు. లోపల మరో నంబరు ఉంటుంది, రెండూ రాయాలి. డాన్‌యువాన్ నంబరు వదిలేయడం వల్ల పొట్లాలు వేరే మెట్ల దారికి వెళ్తుంటాయి.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

తపాలా కోడు చూడండి. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని లేదా కేంద్రం కిందున్న నగరాన్ని చెబుతాయి. బీజింగ్ 10, షాంఘై 20, తియాన్‌జిన్ 30, చోంగ్‌ఛింగ్ 40తో మొదలవుతాయి. నాన్‌జింగ్ గులౌ అయితే 210తో, షుజౌ గులౌ అయితే 221తో, ఫుజౌ గులౌ అయితే 350తో, కైఫెంగ్ గులౌ అయితే 475తో మొదలవ్వాలి. షెన్‌జెన్ 518, యీవు 322, డోంగ్వాన్ 523. కోడు, నగరం పొంతన కుదరకపోతే రెండింట్లో ఒకటి తప్పు.

ల్యాండ్‌లైన్ కోడు కూడా సాక్ష్యమే: బీజింగ్ 010, గ్వాంగ్‌జౌ 020, షాంఘై 021, నాన్‌జింగ్ 025, వుహాన్ 027, హాంగ్‌జౌ 0571, యీవు ఉన్న జిన్‌హ్వా 0579, షెన్‌జెన్ 0755. మన దేశం నుంచి ఫోను చేసేటప్పుడు 86 తర్వాత ఈ మొదటి సున్నా తీసేయాలి.

పక్కాగా తేల్చుకోవాలంటే పాలనా విభాగాల కోడు ఉంది. ఇదీ ఆరంకెలే, అందుకే దీన్ని తపాలా కోడు అనుకునేవారు చాలామంది. రెండూ వేరు. చైనా పౌర వ్యవహారాల శాఖ ఈ పట్టికను ప్రకటిస్తుంది. మొదటి రెండంకెలు రాష్ట్రం, తర్వాతి రెండు నగరం, చివరి రెండు జిల్లా. షాంఘై హ్వాంగ్‌పు 310101, గ్వాంగ్‌జౌ హ్వాంగ్‌పు 440112. పేరు ఒకటైనా కోడు కలవదు. యీవు కోడు 330782. చివరి రెండంకెలు 81 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అది కౌంటీ స్థాయి నగరమని అర్థం. ఒక జాగ్రత్త: పాలనా కోడులో 31 షాంఘై, తపాలా కోడులో 31 జెజియాంగ్. ఏ కోడు చూస్తున్నారో ముందు తేల్చుకోండి.

ఆఖరుగా చైనా లిపి చిరునామాను మ్యాపులో అతికించండి. జిల్లా పేరు తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి వెతకండి. రెండుసార్లూ గుర్తు ఒకేచోట పడితే సరే. వేర్వేరు నగరాల్లో పడితే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి.

తెలుగులో రాసేటప్పుడు

పిన్‌యిన్‌ను ఇంగ్లిషులా చదవడం వల్ల పేర్లు గుర్తుపట్టలేనంతగా మారుతున్నాయి. 'క్యూ' అక్షరాన్ని ఛ అని, 'ఎక్స్' అక్షరాన్ని ష అని, 'జెడ్', 'హెచ్' కలిసి వస్తే జ అని రాయండి. 'సి' ఒక్కటే వస్తే అది క కాదు, 'చలి' అన్నప్పుడు మనం పలికే దంత్య చ. బీజింగ్, షాంఘై లాంటి స్థిరపడ్డ రూపాలను మార్చవద్దు. జిల్లా పేరు ముందు నగరం పేరు రాయండి: 'నాన్‌జింగ్‌లోని గులౌ జిల్లా' అంటే ఎవరికీ సందేహం రాదు. పేర్లను అర్థంతో అనువదించి 'పశ్చిమ సరస్సు జిల్లా' అని రాస్తే పాఠకుడు దాన్ని ఏ మ్యాపులోనూ పట్టుకోలేడు.

చిరునామాను వాడేటప్పుడు

పార్సిలు మీద చైనా లిపి చిరునామాను ముద్రించి అతికించండి. దాని కింద ఇంగ్లిషులో నగరం, దేశం, తపాలా కోడు, తీసుకునేవారి చైనా మొబైల్ నంబరు ఉండాలి. అక్కడ పొట్లం తెచ్చేవారు ముందు ఫోనే చేస్తారు.

హోటల్లో కాకుండా అద్దె ఇంట్లోనో బంధువుల దగ్గరో దిగే విదేశీయులు 24 గంటల్లోగా స్థానిక పోలీసు స్టేషనులో నివాసం నమోదు చేయించుకోవాలి. హోటలైతే ఆ పని వాళ్లే చేస్తారు. ఆ స్టేషనును పాయ్‌చుసువో అంటారు. జిల్లా తెలిస్తే సరిపోదు, ఏ జియేదావో కూడా తెలియాలి. ఉత్తరాల్లో వదిలేసిన ఆ ముక్క ఇక్కడ కావలసి వస్తుంది. పిల్లలు విమానం ఎక్కేముందే ఇంటి యజమానిని అడిగి, దాన్ని చైనా లిపిలో ఫోనులో ఒకటి, కాగితం మీద ఒకటి రాయించి పెట్టండి.